టైల్ వెనక నంబరు

ఆ ఊళ్ళో నేల పరిచే మేస్త్రీలు చాలామందే ఉన్నారు గానీ, నంబర్ల మేస్త్రి అంటే ఒక్కడే. రంగురంగుల టైల్స్‌తో డిజైను వెయ్యాల్సిన పని ఎక్కడ తగిలినా ముందు అతనికే కబురు వెళ్ళేది. మిగతా మేస్త్రీలు టైల్ ముఖం చూసి పరుస్తారు. ఇతను టైల్‌ని తిప్పి, వెనకవైపు పెన్సిలుతో రాసి ఉన్న అంకె చూసి పరుస్తాడు. ముందే కాగితం మీద గళ్ళు గీసుకుని ఒక్కో గడిలో ఒక్కో అంకె వేసుకుంటాడు. కాగితం మీద మూడు ఉంటే చేతిలోకి మూడు, ఏడు ఉంటే ఏడు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క టైల్ కూడా తప్పు చోట పడలేదని అందరూ చెప్పుకునేవాళ్ళు. అతనూ చెప్పుకునేవాడు. కాస్త ఎక్కువగానే చెప్పుకునేవాడు.

"రంగు మోసం చేస్తుందండీ. ఎండలో ఒకలా ఉంటుంది, లైటు కింద ఇంకోలా ఉంటుంది. నంబరు మోసం చెయ్యదు," అనేవాడు.

వినేవాళ్ళు ఆహా ఎంత లోతైన మాట అని తలలూపేవాళ్ళు. అందులో లోతూ లేదు, పాడూ లేదు. ఆ మనిషికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు, అంతే.

పుట్టుకతో వచ్చిందది. నీలం తెలుస్తుంది, పసుపు తెలుస్తుంది, తెలుపూ నలుపూ సరేసరి. ఎరుపూ ఆకుపచ్చా మాత్రం రెండూ ఒకే బురద రంగులో కనిపిస్తాయి. రెండో తరగతిలో చెట్టు బొమ్మ వెయ్యమంటే వేసి, ఆకులన్నిటికీ చక్కగా ఎరుపు దిద్దాడు. టీచరు ఆ కాగితం పైకెత్తి క్లాసంతటికీ చూపించింది. "పాపం, చెట్టుకి జ్వరమొచ్చింది," అన్నాడు వెనక బెంచీలోంచి ఎవడో. క్లాసు క్లాసంతా విరగబడి నవ్వింది. ఆ ఏడాదంతా అతని పేరు జ్వరం చెట్టు. ఆ రోజు నుంచీ అతను నోటితో రంగు పేరు పలకడం మానేశాడు. "అదిగో అది", "ఆ చివరది", "మీరు చెప్పినదే" అంటూ తప్పించుకు తిరగడం నేర్చుకున్నాడు. అలా తిరిగి తిరిగి, సరిగ్గా రంగులతోనే పనున్న వృత్తిలోకి వచ్చిపడ్డాడు. వాళ్ళ నాన్న నేల పరిచేవాడు మరి. మూలమట్టం పట్టుకోవడం తప్ప ఇంకేమీ రాదతనికి.

భార్యకి తెలియడానికి పెళ్ళయ్యాక నెల పట్టింది. పండిన టమాటాలు తెమ్మంటే పచ్చివి తెచ్చాడు. మొదటిసారి కూరల కొట్టువాడు మోసం చేశాడనుకుంది. రెండోసారి మొగుడికి వేళాకోళం ఎక్కువనుకుంది. మూడోసారి తనూ వెంట వెళ్ళి, కొంచెం దూరంలో నిలబడి చూసింది. పెళ్ళికొడుకు ఒక్కో టమాటాని బొటనవేలితో నొక్కి, మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని చూసుకుంటున్నాడు. ఇంటికొచ్చాక, "రేపటి నుంచి నేనూ పనికొస్తానయ్యా, ఇంట్లో ఒక్కదాన్నీ ఏం చెయ్యను," అంది.

టైల్స్ వెనక నంబర్లు వెయ్యడం ఆమె కనిపెట్టిందే. అట్టపెట్టెలు విప్పి, ఏ రంగుకి ఆ రంగు విడదీసి, పెన్సిలుతో వెనక అంకె వేసేది. ఆమె రాసే నాలుగు బోర్లించిన కుర్చీలా ఉంటుంది. అయిదుకి పైన టోపీ పెట్టడం మర్చిపోయి, తర్వాత విడిగా ఒక గీత గీస్తుంది. మొగుడూ పెళ్ళాల మధ్య రంగుల పేర్లు ఎప్పుడూ రాలేదు. ఆ టైల్ నాలుగు, ఈ టైల్ అయిదు, అంతే. ఒక్కసారి కూడా ఆమె, "నీకు కనపడదు కదా," అనలేదు. అతను కూడా, "నువ్వు లేకపోతే నేను లేను," అనలేదు.

అనకపోతే పోనీ. ఎవరైనా, "ఏం మేస్త్రీ, మీ ఆవిడ రోజూ వస్తుందే?" అని అడిగితే, "ఇంట్లో తోచక వస్తుందండీ. నేను విడదీసి పెట్టినవాటికి అంకెలేస్తూ కూర్చుంటుంది, కాలక్షేపం," అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా తల వంచుకుని, చేతిలో పెన్సిలు ఆపకుండానే వాళ్ళతో పాటు నవ్వేది. ఆ జోకు ముప్ఫై ఏళ్ళు నడిచింది.

ఇదిలా ఉండగా ఒక స్కూలువాళ్ళు కొత్తగా లైబ్రరీ గది కట్టించారు. గది మధ్యలో ఇరవై అయిదు పెద్ద టైల్స్‌తో, అయిదు వరుసలుగా ఒక డిజైను వెయ్యాలి. ఆ స్కూలు పెద్ద మేడం ఒకప్పుడు లెక్కలు చెప్పిన మనిషి. డిజైను తను గీసివ్వకుండా మేస్త్రీలకే పరీక్ష పెట్టింది. అయిదు రంగులు, రంగుకి అయిదు టైల్స్. అడ్డంగా ఏ వరుస చూసినా అయిదు రంగులూ ఉండాలి. నిలువుగా ఏ వరుస చూసినా అయిదూ ఉండాలి. మూల నుంచి మూలకి ఏటవాలుగా చూసినా, రెండువైపులా, అయిదూ ఉండాలి. ఏ రంగూ ఒకే వరుసలో రెండుసార్లు రాకూడదు.

"పిల్లలు దాని మీద నడుస్తూ ఆలోచించాలి మేస్త్రి గారూ. జవాబు నా దగ్గరుంది. మీకు వస్తుందేమో చూద్దామని," అంది ఆవిడ నవ్వుతూ.

అప్పటికే ఇద్దరు మేస్త్రీలు, మీరే గీసివ్వండి తల్లీ అని దణ్ణం పెట్టేసి వెళ్ళారట. మన మేస్త్రి బకెట్టు బోర్లించుకుని, దాని మీద కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. మొదటి వరుస ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. రెండో వరుస రెండుతో మొదలుపెట్టాడు, మూడోది మూడుతో. అడ్డం కుదిరింది, నిలువు కుదిరింది. ఏటవాలుగా చూస్తే ఒకవైపు అన్నీ అయిదులే వచ్చి కూర్చున్నాయి. కొట్టేశాడు. భోజనాల వేళ దాటింది. భార్య తెచ్చిన టీ చల్లారి, పైన మీగడ కట్టింది. అప్పుడు తట్టింది. రెండో వరుస రెండుతో కాకుండా, ఒక అంకె వదిలేసి మూడుతో మొదలుపెట్టాడు. మూడో వరుస అయిదుతో, నాలుగోది రెండుతో, చివరిది నాలుగుతో. ఎటు చూసినా కుదిరింది. ఒకటికి మూడుసార్లు వేలు పెట్టి చూసుకున్నాడు.

ఇది మాత్రం నిజంగా అతని సొంత తెలివి. ఎవరి దయా లేదు. పెద్ద మేడం కాగితం చూసి కళ్ళజోడు తీసి, "మీరు చదువుకుని ఉంటే నా ఉద్యోగం మీకొచ్చేదండీ," అంది, పక్కన, ఏళ్ళ తరబడి మేస్త్రికి పనులిస్తున్న కాంట్రాక్టరు వింటుండగానే. కాంట్రాక్టరు మామూలుగా ఎవరినీ మెచ్చుకోడు. అలాంటివాడు భుజం తట్టాడు. మేస్త్రికి ఆ వారమంతా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ మాట భార్యకి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

సరిగ్గా పని మొదలుపెట్టాల్సిన రోజుల్లో ఆమెకి కంటి ఆపరేషను పడింది. రెండేళ్ళుగా కుడికంట్లో శుక్లం ముదురుతోంది. ఎడమకన్ను కాస్త నయంగా ఉంది కాబట్టి నెట్టుకొచ్చింది. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన తేదీ దాటితే మళ్ళీ మూడు నెలల దాకా కుదరదన్నారు.

"నాలుగు రోజులు ఆపవయ్యా. కట్టు విప్పగానే వచ్చి విడదీసి పెడతాను. ఎంత, గంట పని," అంది.

"పాతిక టైల్స్‌కి నువ్వెందుకే? పడుకో," అన్నాడు.

అతను ఆపలేక కాదు. ఆపమని అడిగితే, ఎందుకని అడుగుతారు. మా ఆవిడ రావాలి అని చెప్పాలి. అంకెలు వెయ్యడానికి ఆవిడే రావాలా అంటారు. పెద్ద మేడం ఉద్యోగం చెయ్యగల బుర్ర ఉన్నవాడు, నాలుగు రోజుల పొగడ్త పోగొట్టుకోలేక, ఒక్కడే వెళ్ళి పెట్టెలు విప్పాడు.

తెలుపు, పసుపు, నీలం చిటికెలో తేలిపోయాయి. ఒకటి, రెండు, మూడు అని రాసేశాడు. మిగిలినవి పది. అయిదు ఆకుపచ్చవి, అయిదు ఇటుక ఎరుపువి. కిటికీ దగ్గర పెట్టి చూశాడు. గుమ్మంలో పెట్టి చూశాడు. కళ్ళు చికిలించి చూశాడు. పదీ ఒకే తల్లి పిల్లల్లా అతని వంక చూశాయి. ఎవరినైనా పిలిచి అడగొచ్చు. వరండాలో కిటికీలకి రంగు వేసేవాడు ఉన్నాడు. కాపలావాడు ఉన్నాడు. అడగలేదు.

టైల్స్ తిరగేశాడు. వెనకవైపు ఉబ్బెత్తు గీతలు ఉంటాయి కదా, సిమెంటు పట్టుకోవడానికి. అయిదింటికి గీతలు నిలువుగా ఉన్నాయి, అయిదింటికి అడ్డంగా ఉన్నాయి. అమ్మయ్య అనుకున్నాడు. ఒక రంగు ఒక అచ్చులో, రెండో రంగు ఇంకో అచ్చులో పోసి ఉంటారని తేల్చుకుని, నిలువు గీతలవాటికి నాలుగు, అడ్డగీతలవాటికి అయిదు రాశాడు. ముఖం చూసి పరిచే మామూలు మేస్త్రి ఎవడూ చెయ్యలేని తప్పది. ముప్ఫై ఏళ్ళుగా వీపులు చూసి పరిచినవాడే చెయ్యాలి. కొట్టువాడు ప్రతి రంగులోనూ పాత సరుకు మూడు, కొత్త సరుకు రెండు కలిపి ఇచ్చాడని, కొత్తవాటిలో ఈ రెండు రంగుల అచ్చులూ తారుమారయ్యాయని అతనికేం తెలుసు.

ఆ రోజే పరిచేశాడు. నూలు తాడు కట్టి, సిమెంటు పాలు పోసి, రబ్బరు సుత్తితో టకటక తట్టి, రసమట్టం పెట్టి చూసుకున్నాడు. పని ఎంత నున్నగా వచ్చిందంటే, వేలితో రాస్తే టైల్‌కీ టైల్‌కీ మధ్య అతుకు తగల్లేదు. సాయంత్రం స్కూలు వదిలాక పెద్ద మేడం, కాంట్రాక్టరు చూడటానికి వచ్చారు.

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. పెదాలు కదుపుతూ లెక్క చూసుకుంది.

"మేస్త్రి గారూ, మూడో వరుసలో రెండు చివరలా ఆకుపచ్చే ఉందేంటి? ఎరుపు ఎక్కడ?"

అతను చేతిలోని కాగితం విప్పి చూసుకున్నాడు.

"రెండో వరుసలో ఎరుపు పక్కన ఎరుపు," అన్నాడు కాంట్రాక్టరు. "నాలుగో వరుసలోనూ అంతే. ఆ చివరి వరుసలో ఆకుపచ్చ పక్కన ఆకుపచ్చ. ఇదేంటయ్యా, మొదటి వరుస ఒక్కటే సరిగ్గా ఉంది!"

పెద్ద మేడం అతని కాగితం తీసుకుని చూసింది. "కాగితం మీద సరిగ్గానే ఉంది. లెక్క తప్పలేదు. టైల్స్‌కి నంబర్లు వెయ్యడంలోనే ఎక్కడో తేడా వచ్చింది." ఆవిడ గొంతులో కోపం లేదు. తన మెచ్చుకోలు నిలబెట్టుకోవాలనే చూస్తోంది పాపం.

"నంబర్లు ఎవరు వేశారు?" అన్నాడు కాంట్రాక్టరు.

నేనే అంటే సరిపోయేది. నేనే వేశాను, నాకు ఈ రెండు రంగులూ తెలియవు. రెండు ముక్కలు. అతని నోట్లోకి అవి వచ్చాయి కూడా. కానీ వెనక బెంచీ నవ్వు వినిపించింది.

"మా ఆవిడండీ," అన్నాడు.

అబద్ధం ఒకటి ఆడాక రెండోది అడక్కుండానే వస్తుంది. "కంటి ఆపరేషను అయింది కదండీ. వద్దంటే వినకుండా నిన్న సాయంత్రం ఒక గంట వచ్చి రాసి వెళ్ళింది. నేను పని తొందరలో మళ్ళీ చూసుకోలేదు."

"అయ్యో," అంది పెద్ద మేడం.

"ఆపరేషనైన మనిషిని రానిచ్చావా? బుద్ధుందా నీకు?" అన్నాడు కాంట్రాక్టరు. "చూపు ఆననావిడని టైల్స్ మధ్య తిప్పుతావా? ఇక ఆవిడని పనికి తీసుకురాకు మేస్త్రీ. రేపు పడి తల పగిలితే నేను సమాధానం చెప్పుకోలేను. అంకెలేగా, నువ్వే వేసుకో."

"అలాగేనండీ," అన్నాడు మేస్త్రి.

పెద్ద మేడం సుద్దముక్క తీసుకుని, తప్పు పడిన నాలుగు టైల్స్ మీదా తనే వంగి అడ్డగుర్తులు పెట్టింది. సిమెంటు పచ్చిగా ఉండగానే పొద్దున్నే లేపి మార్చెయ్యమంది. నాలుగు అంకె చోట ఉన్న రెండూ అయిదు అంకె చోటికి, అయిదు చోట ఉన్న రెండూ నాలుగు చోటికి. రంగు తెలియక్కర్లేదు, గుర్తు ఉంది, కాగితం ఉంది. పైకి చూస్తే గండం గడిచినట్టే. కానీ దారిపొడుగునా అతనికి చెవుల్లో తన మాటే వినిపిస్తోంది. అలాగేనండీ అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా తన కళ్ళై తిరిగిన మనిషిని, చూపు లేదని చెప్పి, ఒక్క మాటతో పనిలోంచి తీయించేశాడు. సైకిలు దిగి నడిచాడు. తొందరగా ఇల్లు చేరాలని లేదు.

ఇంటికి వెళ్ళేసరికి ఆమె నల్లద్దాలు పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. కట్టు మధ్యాహ్నం విప్పారట. ముఖం వెలిగిపోతోంది.

"అన్నీ కడిగి పెట్టినట్టున్నాయయ్యా! ఇన్నాళ్ళూ టీలో ముంచి తీసినట్టు చూశాననుకో. ఎడమకన్ను మూసుకుని చూస్తుంటే, మన బకెట్టు అంత నీలమని ఇవాళే తెలిసింది నాకు. ఆస్పత్రి గేటు పక్కన పూలున్నాయి, ఎంతసేపు చూశానో. అక్కడి నర్సు నవ్వింది." గొంతు తగ్గించి, "నాకు రెండేళ్ళకే ఇలా ఉందే, నీకెలా ఉంటుందో అనుకున్నా," అంది.

ముప్ఫై ఏళ్ళలో ఆమె ఆ సంగతి ఎత్తడం అదే మొదలు. అతను చెప్పులు విప్పడానికి వంగినవాడు, అక్కర్లేకపోయినా కాసేపు అలాగే వంగి ఉండిపోయాడు.

"నేల ఎలా వచ్చింది?"

"బానే వచ్చింది."

"నాలుగూ అయిదూ ఎలా విడదీశావు?"

"వెనక గీతలు చూసి."

"రెండు లాట్లు కలిపి ఇస్తే గీతలు కుదరవు కదయ్యా?"

అదీ ఆమె కాలక్షేపం. కొట్టు ముఖం చూడకుండా, పెట్టె విప్పకుండా, గుమ్మంలో కూర్చుని చెప్పేసింది.

"కలపలేదు," అన్నాడు.

"అయితే రేపొచ్చి చూస్తాను. పరిచెయ్యడం అయిపోయిందిగా, దుమ్మేం ఉంటుంది కంట్లో పడటానికి? పెద్ద మేడం అంత పొగిడింది, నేను చూడొద్దూ?"

ఆమె రాకముందే పని ముగించెయ్యాలని మర్నాడు పొద్దున్నే స్కూలుకి వెళ్ళిపోయాడు.

నాలుగు టైల్స్ పగలకుండా లేపడం ఆషామాషీ పని కాదు. అతుకులో సన్నటి ఉలి పెట్టి, వెంట్రుకవాసి వెంట్రుకవాసి కదపాలి. మొదటిది లేచేసరికే చొక్కా తడిసిపోయింది. రెండోది కదులుతుండగా వరండాలో మాటలు వినిపించాయి. ఆమె వచ్చేసింది. నల్లద్దాలు, చేతిలో టీ ఫ్లాస్కు. ఆమె వెనకే పెద్ద మేడం, కాంట్రాక్టరు.

మేస్త్రి లేవలేదు. లేచి ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి?

పెద్ద మేడం మంచి మనిషి. ఆ మంచితనమే ఆ రోజు కొంప ముంచింది. వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని, "ఏం బాధపడకమ్మా. కళ్ళు సరిగ్గా లేనప్పుడు ఎవరికైనా తప్పు జరుగుతుంది. మా అమ్మకీ ఇదే ఆపరేషను చేశారు. నంబర్లు తారుమారైనంత మాత్రాన కొంపలేం మునిగిపోవు. నాలుగు టైల్సేగా, మార్చేస్తున్నారు," అంది.

ఆమె ముందు పెద్ద మేడం వంక చూసింది. తర్వాత సుద్దగుర్తులు చూసింది. తర్వాత, ఉలి పట్టుకుని తల వంచుకున్న మొగుణ్ణి చూసింది. నల్లద్దాల వెనక ఆ కళ్ళల్లో ఏముందో ఎవరికీ కనపడలేదు.

"అవునమ్మా," అంది. "రాసేటప్పుడు సరిగ్గా ఆనలేదు. నాదే తప్పు."

"ఇక ఇంటి పట్టున ఉండి విశ్రాంతి తీసుకో అమ్మా. మేస్త్రితో నిన్ననే చెప్పాను, ఇక నిన్ను పనికి తీసుకురావద్దని," అన్నాడు కాంట్రాక్టరు. మర్యాదగానే అన్నాడు.

"చెప్పారా," అంది ఆమె. ఫ్లాస్కు కిటికీలో పెట్టి, అలవాటు కొద్దీ వచ్చి మొగుడి పక్కన గొంతుక్కూర్చుంది.

అప్పుడే రెండో టైల్ ఊడింది. సిమెంటంతా కిందే ఉండిపోయి, వీపు శుభ్రంగా లేచి వచ్చింది. మధ్యలో పెన్సిలు అంకె. అయిదు. టోపీతో సహా ఒకే గీతలో, అచ్చు పుస్తకంలో ఉన్నట్టు రాసిన అయిదు. ఆమె చేతిరాత కానే కాదు. ముప్ఫై ఏళ్ళుగా ఆమె రాసిన టైల్స్ చూసిన కాంట్రాక్టరు, రెండడుగులు ముందుకేసి వంగితే చాలు, తెలిసిపోతుంది.

కాంట్రాక్టరు ముందుకేశాడు కూడా. "ఏదీ, పగల్లేదు కదా?" అంటూ.

ఆమె చెయ్యి చాచి, బకెట్టులోని తడిగుడ్డ అందుకుంది. టైల్ తుడుస్తున్నట్టుగా, తొందరేమీ లేకుండా, ఆ అయిదుని రుద్దేసింది. ఒకసారి కాదు, మూడుసార్లు రుద్దింది. పెన్సిలు మరక కూడా మిగల్లేదు. పక్కనున్న మొదటి టైల్ మీది నాలుగుని కూడా అలాగే తుడిచింది. మొగుడి వంక చూడలేదు. కాంట్రాక్టరు వచ్చి చూసేసరికి రెండు తడి వీపులు తప్ప ఏమీ లేవు.

తిట్టి ఉంటే బాగుండేది. అందరిలో, ఏమయ్యా ఎప్పుడు రాశాను నేను అని నిలదీసి ఉంటే, అతను ఏదో ఒకటి గొణిగి, నాలుగు తిట్లు తిని, ఇంటికి వెళ్ళేవాడేమో. ఆ తడిగుడ్డ మాత్రం తట్టుకోలేకపోయాడు. అతన్ని దాచడం ఆమెకి ఎంత అలవాటైపోయిందంటే, తన మీద వేసిన నింద అబద్ధమని చూపే సాక్ష్యాన్ని కూడా తనే తుడిచేసింది. ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. నేల మీదున్న ఆ రెండు టైల్స్ చెరో చేత్తో ఎత్తి పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"మేడం, ఇందులో ఎర్రది ఏది?"

పెద్ద మేడం నవ్వింది. "మళ్ళీ పొడుపుకథా మేస్త్రి గారూ?"

"కాదండీ. నాకు తెలీదు. అందుకే అడుగుతున్నా."

"తెలీకపోవడమేంటి?" అన్నాడు కాంట్రాక్టరు.

"నాకు రెండూ ఒకలాగే కనిపిస్తాయండీ. పుట్టినప్పటి నుంచీ అంతే." టైల్స్ ఇంకాస్త పైకెత్తాడు. "నంబర్లు నేనే రాశాను. ఆవిడ మొన్న రానే లేదు. నాలుగు రోజులు ఆపమంది. నేనే వినలేదు. ఆవిడ కళ్ళకేం కాలేదు. ఇప్పుడు మనందరికంటే ఆవిడకే బాగా కనిపిస్తోంది."

"ఊరుకోవయ్యా," అంది ఆమె కింద నుంచి, మెల్లిగా, కోపంగా. "ఎవరడిగారు నిన్ను?"

పెద్ద మేడంకి, ఆమె చెయ్యి పట్టుకుని తను పలికిన ఓదార్పు గుర్తొచ్చిందేమో, ముఖం పక్కకి తిప్పుకుంది. కాంట్రాక్టరు మాత్రం లెక్క తేలని మనిషిలా నుదురు రుద్దుకున్నాడు.

"మరి ఇన్నేళ్ళూ? ఆ ఆస్పత్రి హాలు? ఆ హోటలు మెట్లు? పదకొండు రంగులు కదయ్యా అవి? ఎవరు విడదీశారు?"

"ఆవిడే."

"అన్నీ?"

"అన్నీ ఆవిడేనండీ. నేను అంకెలు చూసి పరిచానంతే."

కాంట్రాక్టరు కింద కూర్చున్న ఆమె వంక చూశాడు. ఎన్నేళ్ళుగానో చూస్తున్న మనిషిని ఇప్పుడే చూసినట్టు చూశాడు. తర్వాత మేస్త్రి వంక తిరిగి, ఎగతాళిగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

"మరి ఇంట్లో తోచక వస్తుందన్నావు కదయ్యా?"

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. రంగు తెలియదని ఒప్పుకున్నప్పుడు కూడా అంత సిగ్గు వెయ్యలేదు. అది పుట్టుకతో వచ్చింది, ఇది తను చేసింది. టైల్స్ రెండూ చేతుల్లో బరువెక్కి, అలా పట్టుకునే నిలబడ్డాడు.

ఆ మాటకి ప్రతిసారీ అందరితో పాటు తల వంచుకుని నవ్వే మనిషి, ఈసారి తల ఎత్తే ఉంది. నవ్వలేదు. మెల్లిగా లేచి, నల్లద్దాలు నుదుటి మీదికి జరుపుకుని, అతని కుడిచేతిలోని టైల్ తీసుకుంది. అతని చెవి వెనక ఉన్న పెన్సిలు లాక్కుని, తడి ఆరిన చోట అంకె వేసింది. ముందు పొట్ట, తర్వాత విడిగా పైన గీత.

"అయిదు," అంది. "ఎరుపు."

అతను ఆ రంగు పేరుని, అందరూ వింటుండగా, తన నోటితో మళ్ళీ పలికాడు.